రెండు డ్రమ్ముల నీళ్లు, బావగారి తుండు

తిరుత్తణి వెళ్లొచ్చినవాళ్లు విభూతి పొట్లమో పంచామృతం డబ్బానో తెచ్చుకుంటారు. నేను నూనె మరకలున్న తుండుగుడ్డ ఒకటి తెచ్చుకున్నాను. మా ఆవిడ దాన్ని సబ్బునీళ్లలో వేయబోతే చేతిలోంచి లాక్కున్నాను. ఆ రోజు నుంచి నా బుర్ర గురించి ఇంట్లో అందరికీ ఒక అనుమానం ఉంది. అది తీర్చడానికే కూర్చుని ఇదంతా రాస్తున్నాను.

నేను కాకినాడ రేవులో ముప్పై ఎనిమిదేళ్లు పడవ ఇంజన్లు బాగుచేశాను. పడవ వెనక చెక్కకి తగిలించి, ఫ్యానుండే కాలు నీళ్లలోకి దించే ఇంజన్లు. ఔట్‌బోర్డ్ అంటారు. పని తెలిసినవాడని నాకు పేరుంది. నోటి దురుసు మనిషని అంతకంటే ఎక్కువ పేరుంది. మా అమ్మాయి లలితను తిరువళ్లూరు పక్కన మణవాళనగర్‌లో ఇచ్చాం. మా వియ్యంకుడు మునిరత్నం నాయుడు గారిది అక్కడికి దగ్గర్లో వెంగల్ అనే పల్లె. రాయల కాలంలో వచ్చి అక్కడే ఉండిపోయిన తెలుగు రైతు కుటుంబం. చేతికి ఎముక లేని మనిషి, మాటకి కూడా.

ఒక రోజు ఆయన ఫోన్ చేశారు. "బావా, నీ పేరు చెప్పి ఒక ఆడకూతురికి మాట ఇచ్చేసినా. నువ్వు రావల్ల" అన్నారు. ఏం మాటో, ఎవరికో ఆ తర్వాత చెప్పారు.

పులికాట్ సరస్సు ఒడ్డున ఒక కుప్పం, అంటే జాలర్ల పల్లె, అక్కడి నుంచి దేశమ్మ అనే ఆవిడ వెంగల్‌కి ఎండు రొయ్యలు తెచ్చి అమ్ముతుంది. వాళ్ల కుప్పం ముందు ఒక కాలువ సరస్సులో కలుస్తుంది. అందులో ఆడవాళ్లు మెడలోతు నీళ్లలో దిగి చేత్తో రొయ్యలు పడతారు. మగవాళ్ల ఇంజన్ పడవలు పోయేదీ ఆ కాలువలోంచే. అవన్నీ పాతరకం టూ స్ట్రోక్ ఇంజన్లు. వాటి నూనె నీళ్ల మీద తెట్టు కట్టి, ఆడవాళ్లకి కళ్లు మంటలు, ఒళ్లు దురదలు. రొయ్యలు వాసనొస్తున్నాయని కొనేవాళ్లు వెనక్కి ఇచ్చేస్తున్నారు. దేశమ్మ తన మొగుడి చేత ఒక పాత ఫోర్ స్ట్రోక్ ఇంజన్ కొనిపించింది. ఆ కాలువలో తిరిగితే ఇలాంటివే తిరగాలి, లేకపోతే ఇంజన్ ఆపి గెడతో తోసుకుపోవాలి అని కుప్పం కూటంలో అడిగింది. పెద్దలు నవ్వారు. ఏ ఇంజనైనా ఇంజనే, తేడా ఉంటే శుక్రవారం మా కళ్లకు చూపించు, చూపించలేకపోతే ఈ మాట ఇంక కూటంలో ఎత్తకూడదు అన్నారు.

చూపించడానికి కాకినాడ నుంచి మా బావ వస్తాడని మునిరత్నం గారు మాట ఇచ్చేశారు. అదీ సంగతి.

తిరుత్తణి

ముందు స్వామి దర్శనం, తర్వాతే ఇంజన్ అన్నారు బావగారు. సోమవారం పొద్దున కొండ కింద నా కోసం నిలబడి ఉన్నారు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజాన మల్లెపువ్వులాంటి తెల్ల తుండు. ఆ తుండు మీద చిన్న మరక పడ్డా ఆయనకి అన్నం సయించదని లలిత ఎప్పుడో చెప్పింది.

గుడి దగ్గర నా సంచీ తెరిపించారు. లోపల స్పానర్లు, ప్లగ్గులు విప్పే గొట్టం, ఉప్పుకాగితం ముక్కలు. కాపలా ఆవిడ అరవంలో ఏదో గట్టిగా అడిగింది. బావగారు అంతకంటే గట్టిగా, అంతకంటే పొడుగ్గా ఏదో చెప్పారు. ఆవిడ వెంటనే మెత్తబడి దారి ఇచ్చింది. ఈ స్పానర్లు స్వామి పాదాల దగ్గర పెట్టి పూజ చేయించాలి, వీటితో ఒక పుణ్యకార్యం ఉంది అని చెప్పారట. చెప్పాక చేయించక తప్పదు కదా. అయ్యవారు పళ్లెంలో నా పద్నాలుగో నంబరు స్పానరు పెట్టుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, విభూతి రాసి ఇచ్చారు. ముప్పై ఎనిమిదేళ్ల సర్వీసులో ఆ స్పానరుకి జరిగిన మొదటి సన్మానం అది.

మెట్ల దగ్గర పూలమ్మే ఆవిడ మా మాటలు విని "మీరు యాడ నుంచి వచ్చినారన్నా?" అని తెలుగులో పలకరించింది. మూర పూలు ఇరవై రూపాయలంది, ఆంధ్రా నుంచి వచ్చామని తెలిసి ఇంకో జానెడు కలిపింది. మీ వూరి పేరు చీటీ మీద రాసివ్వమ్మా అంటే అరవంలో రాసిచ్చింది. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతాం గానీ తెలుగు అక్షరాలు మాకు రావు అని నవ్వేసింది. నాకు మనసులో కొంచెం కలుక్కుమంది.

కింద హోటల్లో ఇడ్లీ, దాని మీద వడకర్రీ అని ఒకటి పోశారు. శనగపప్పు వడల్ని చిదిపి మసాలా పులుసులో ఉడికించింది. మా వైపు ఇడ్లీకి అల్లం పచ్చడి లేకపోతే ముద్ద దిగదు. ఇక్కడ అల్లం పచ్చడి ఊసే లేదు, అయినా నేను ఆరు ఇడ్లీలు తిన్నాను. నలభై రూపాయల ప్లేటు మూడు తెప్పించుకున్నాను.

మణవాళనగర్

లలిత ఇల్లు స్టేషన్‌కి దగ్గర. అల్లుడు పొద్దున్నే చెన్నై రైలెక్కి పోతాడు, దీపాలు పెట్టాక వస్తాడు. ఆ వీధిలో మగవాళ్లందరిదీ అదే వరస. తెల్లారేసరికి వీధంతా టిఫిన్ క్యారేజీల చప్పుడు, ఆ తర్వాత సాయంత్రం దాకా ఆడవాళ్ల రాజ్యం.

రాత్రి భోజనాల దగ్గర లలిత నాకు పెరుగు వడ్డిస్తూ మెల్లగా హెచ్చరించింది. "నాన్నా, అక్కడ మామయ్య ఏం చేసినా నువ్వు మాత్రం అరవకు. షెడ్డులో కుర్రాళ్ల మీద అరిచినట్టు అరిచావంటే నేనిక్కడ తలెత్తుకోలేను."

సరేనన్నాను. మగపెళ్లివారి మీద నోరు చేసుకునేంత తెలివితక్కువవాణ్ణి కాదని కూడా అన్నాను. అది నమ్మినట్టు ఆమె మొహంలో కనిపించలేదు.

వెంగల్

వెంగల్లో ఎటు చూసినా వరి. బావగారు నన్ను గట్టు మీద నిలబెట్టి, వీపుకి తగిలించుకుని మందు కొట్టే మిషను చూపించారు. అదీ టూ స్ట్రోకే. పెట్రోలు డబ్బాలో నూనె పోసి, మూత బిగించి, చంటిపిల్లకి పాలసీసా కలిపినట్టు ఊపారు. పదిహేనేళ్లుగా ఈ మిషను ఒక్కరోజు మొరాయించలేదని, దానికి కారణం తన చేత్తో ధారాళంగా పోసే నూనేనని చెప్పారు.

"ఆయిల్ పడకుంటే ఇంజనుకు ప్రాణం యాడుంటాది బావా" అన్నారు.

అక్కడే గట్టు మీద కూర్చోబెట్టి ఆయనకి పాఠం చెప్పాను. మీకూ చెబుతాను, తర్వాత జరిగింది అర్థం కావాలంటే ఇది తెలియాలి. టూ స్ట్రోక్ ఇంజనుకి పొట్టలో విడిగా నూనె ఉండదు. పెట్రోలులోనే నూనె కలిపి పోయాలి. ఆ నూనె కొంత కాలుతుంది, కొంత కాలకుండానే బయటపడుతుంది. పైగా కొత్త పెట్రోలు లోపలికి రావడం, పాత పొగ బయటికి పోవడం ఒకేసారి జరుగుతాయి. నోట్లో ముద్ద మింగకముందే ఇంకో ముద్ద కుక్కుకునేవాడికి మూతి పక్కనుంచి మెతుకులు రాలినట్టు, కాలని పెట్రోలు పొగతోపాటు రాలిపోతుంది. చేలో మిషనుదైతే అది గాలిలో పోతుంది. పడవ ఇంజన్‌కి పొగ వదిలే దారి నీళ్ల కిందే ఉంటుంది కాబట్టి అంతా నీళ్లపాలు.

ఫోర్ స్ట్రోక్ పద్ధతిగల మనిషి. పీల్చడం, నొక్కడం, కాల్చడం, వదలడం, నాలుగూ వంతులవారీగా చేస్తుంది. నూనె దాని పొట్టలో దానికి వేరే ఉంటుంది. పెట్రోలులో చుక్క నూనె కలపకూడదు. బరువెక్కువ, ధర ఎక్కువ, పొట్టలో నూనె ఎప్పటికప్పుడు మార్చాలి. కానీ అదే పనికి తక్కువ పెట్రోలు తాగుతుంది, తెట్టు కట్టదు, పక్కనున్న మనిషితో అరవకుండా మాట్లాడుకోవచ్చు.

బావగారు శ్రద్ధగా తలూపుతూ విన్నారు. అంత శ్రద్ధగా తలూపేవాళ్ల చెవిలోకి ఏమీ పోదని మా షెడ్డులో నాకు బాగా తెలుసు. వియ్యంకుడు కదా అని ఆ సంగతి మర్చిపోయాను.

ఆరణి

గురువారం ఆరణి మీదుగా బయల్దేరాం. చిన్న వూరు, పక్కనే అదే పేరుతో ఏరు. ఆ రోజు ఏట్లో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. అయినా ఈ ఏరు పోయి పులికాట్‌లోనే కలుస్తుందని, మనమూ అదీ ఒకచోటికే పోతున్నామని బావగారు సంబరంగా చెప్పారు. బంకులో క్యాను నిండా పెట్రోలు పట్టించాం. నేను టీ తాగుతుంటే ఆయన ఎదురుగా ఉన్న కొట్లలో ఒకదానిలోకి వెళ్లి, తుండులో ఏదో చుట్టుకుని వచ్చారు. ముక్కుపొడుం అలవాటుంది కాబోలు, నా ముందు పీల్చడానికి మొహమాటపడుతున్నారు అనుకున్నాను.

టీ కొట్టాయన మాత్రం మేం పోయే పని విని, సరస్సు రొయ్యలు తను మానేసి చాలా రోజులైందని చెప్పాడు. పులుసు పెడితే ఇల్లంతా పెట్రోలు బంకులా ఉంటోందట. ఆ మాట నాకు లోపల గుచ్చుకుంది. ముప్పై ఎనిమిదేళ్లు నేను బాగుచేసి రేవులోకి దించినవాటిలో ఎక్కువ పాలు టూ స్ట్రోక్‌లే మరి. మా ఉప్పుటేరు చేపల గురించి ఎవరో ఇదే మాట అన్నప్పుడు నేను వాళ్లతో పోట్లాడాను.

కుప్పం

కాలువ దగ్గరికి చేరేసరికి నీళ్లలో ఎనిమిది తొమ్మిది తలలు కనిపించాయి. ఆడవాళ్లు వంగి, రెండు చేతులతో అడుగు తడుముతూ, తాటాకు బుట్టను పళ్లతో పట్టుకుని ముందుకు కదులుతున్నారు. దొరికిన రొయ్యను బుట్టలో పడేస్తారు. లోతు ఎక్కువైనచోట తల కూడా ముంచుతారు. మా వైపు వలలూ చెరువులే గానీ ఈ చేతివేట నేను చూడలేదు. అంతలో ఒక పడవ టపటపమంటూ వాళ్ల మధ్యలోంచే పోయింది. వెనకాల నీళ్ల మీద నెమలి కంఠం రంగులు తేలుకుంటూ వచ్చి ఒక ముసలావిడ గడ్డానికి తగిలాయి. ఆవిడ ఒక చేత్తో వాటిని అవతలికి నెట్టి మళ్లీ వంగింది.

అందులోంచి ఒకావిడ గట్టెక్కి, చీర పిండుకుంటూ మా దగ్గరికి వచ్చింది. దేశమ్మ. నలభై దాటి ఉంటాయి, కళ్లు పండుమిరపకాయల్లా ఉన్నాయి. పుట్టిల్లు తడ వైపు, తెలుగు బాగా వచ్చు. రొయ్యలకి తల ముంచినప్పుడు అడుగు కనిపిస్తుందా అని అడిగాను.

"కండ్లు మూసుకునే మునుగుతామన్నా. తెరిస్తే రెండు దినాలు మంట" అంది.

ఆవిడ మొగుడు ఏళుమలై మాట తక్కువ మనిషి. ఇంజన్‌ని గోనెపట్టా కింద దాచి ఉంచాడు. విప్పి చూశాను. పాతదే గానీ జాగ్రత్తగా వాడినది. ఆ సాయంత్రమంతా కూర్చుని పొట్టలో నూనె మార్చాను, గాలి దారి శుభ్రం చేశాను. తాడు ఒక్కసారి లాగితే అందుకుంది. దేశమ్మ వేడివేడి అన్నంలో పీతల పులుసు పోసింది. కొబ్బరి, మిరియం దంచి పెట్టింది. ఎంత రుచిగా ఉందంటే, మెచ్చుకోవడం కూడా మర్చిపోయి నోరెత్తకుండా తిన్నాను. మా ఇంట్లో ఇది చెబితే ఎవరూ నమ్మరు.

శుక్రవారం పొద్దున

కూటం రోజు ఎవరూ వేటకి పోరు. ఊరి పందిరి కింద రెండు పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములు పెట్టి, వాటి నిండా శుభ్రమైన నీళ్లు పోయించాను. ఒకదానికి ఏళుమలై పాత టూ స్ట్రోక్, ఇంకోదానికి మన ఇంజన్ తగిలించి, కాళ్లు నీళ్లలోకి దించాం. నీళ్లు ఎగజిమ్మకుండా వెనక ఫ్యాన్లు విప్పే పనిలో నేనుండి, ఫోర్ స్ట్రోక్ ట్యాంకు నింపమని బావగారికి చెప్పాను. ఒక్కో ఇంజన్ పావుగంట నడుస్తుంది. తర్వాత తెల్లగుడ్డ ముంచి తీయాలి. గుడ్డ ఎక్కడిదంటే, బావగారు తన భుజం మీద తుండు తీసి ఇచ్చేశారు. లలిత చూసుంటే కళ్లనీళ్లు పెట్టుకునేది.

మొదట టూ స్ట్రోక్. పొగ పందిరి కప్పు దాకా లేచింది. నీళ్ల మీద తెట్టు, తుండు ఒక కొస జిడ్డోడుతూ పైకి వచ్చింది. కుప్పం పెద్ద అది చూసి, ఇది మాకు తెలిసిందేగా అన్నట్టు గడ్డం గోక్కున్నాడు.

తర్వాత మన ఇంజన్. తాడు లాగాను. అందుకుంది. రెండు నిమిషాలు బాగుంది. మూడో నిమిషంలో నీలం పొగ మొదలైంది. వేగం తగ్గించి చూశాను. పొగ పెరిగింది, నీళ్ల మీద రంగులు విచ్చుకున్నాయి. తుండు రెండో కొస ముంచి తీస్తే అదీ జిడ్డే. జనం ఒక్కసారిగా నవ్వారు. కుప్పం పెద్ద లేచి, రెండూ ఒకటేనని తేలిపోయింది కదమ్మా అని అరవంలో అంటూ చెప్పులు వెతుక్కున్నాడు. దేశమ్మ నావైపు చూసింది, ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోను.

నేను ట్యాంకు మూత తీశాను. పెట్రోలు పచ్చగా ఉంది. రెండు వేళ్ల మధ్య రాసి చూశాను, జారుడుగా ఉంది. నూనె. ఎవరో చుక్కా రెండు చుక్కలు కాదు, ధారాళంగా పోశారు. తలెత్తి చూస్తే బావగారు పందిరి కప్పులో తాటాకులు లెక్కపెడుతున్నారు. ఆరణి కొట్లోంచి తుండులో చుట్టి తెచ్చింది ముక్కుపొడుం కాదని అప్పుడు తెలిసింది.

మా షెడ్డులో అయితే ఆ కేక ఉప్పాడ దాకా వినిపించేది. గొంతు దాకా వచ్చింది కూడా. లలిత మొహం గుర్తొచ్చి మింగాను. పరాయివూళ్లో, ఇంతమంది ముందు, అమ్మాయి మామగారి పరువు తీయడమా? కానీ ఊరుకుంటే ఈ ఆడవాళ్ల నోరు ఇంక లేవదు. నూనె పోసింది నేనే, పొరపాటైందని చెప్పేద్దామని లేచాను. ముప్పై ఎనిమిదేళ్ల పేరు పోతే పోయిందనుకున్నాను.

నేను నోరు తెరిచేలోపే బావగారు లేచి నిలబడ్డారు.

"నేనే పోసినాను" అన్నారు. "మందు కొట్టే మిషనుకు పోసినట్ల, అలవాటుగా అరసీసా పోసేసినా. పోయొద్దని మా బావ చెప్పినాడు. నాకే మనసొప్పలేదు, ఆయిల్ లేకుంటే ఇంజను చచ్చిపోతాదని భయం. ఆయమ్మ తప్పు లేదు, మా బావ తప్పూ లేదు." అదే మళ్లీ అరవంలో చెప్పారు. చెప్పి, జేబులోంచి మిగిలిన సగం సీసా తీసి కుప్పం పెద్ద కాళ్ల దగ్గర పెట్టారు.

నలభై ఎకరాల నాయుడు అక్కడ చేతులు కట్టుకుని నిలబడితే నవ్వులన్నీ ఆగిపోయాయి. కుప్పం పెద్ద ఆ సీసా తీసి మూత వాసన చూశాడు. తర్వాత ఆయనే నవ్వడం మొదలుపెట్టాడు. ముప్పై ఏళ్లుగా పెట్రోలు చూస్తే తన చెయ్యీ సీసా కోసమే పోతుందని, ట్యాంకు తనకిచ్చినా అదే పని చేసేవాణ్ణని అన్నాడు. మళ్లీ కూర్చున్నాడు. కానివ్వు, మళ్లీ చేసి చూపించు అన్నాడు.

ఇంక నేను ఆగలేదు. నూనె కలిసిన పెట్రోలు వంచేసి ఏళుమలైకి ఇచ్చాను, పాత ఇంజన్‌కి పనికొస్తుంది. పెట్రోలు గొట్టం కడిగాను. ప్లగ్గులు విప్పి ఉప్పుకాగితంతో రుద్దాను. విప్పింది దేనితో అనుకున్నారు, అయ్యవారు విభూతి రాసిచ్చిన స్పానరుతో పాటు కొండెక్కి వచ్చిన గొట్టంతోనే. క్యానులో మిగిలిన పెట్రోలు ఈసారి నా చేత్తో నేను పోశాను. డ్రమ్ము బోర్లించి, కడిగి, కొత్త నీళ్లు పట్టించాను. లోపల మిగిలిన నూనె కాలేదాకా ఇంజన్ బయట తొట్టిలో కాసేపు నడిపి, పొగ పూర్తిగా తగ్గాక డ్రమ్ములోకి దించాను.

పావుగంట. ఇంజన్ చప్పుడు ఎంత తక్కువంటే, పందిరి చివర చంటిపిల్ల ఎక్కిళ్లు వినిపించాయి. తుండు మధ్యభాగం ముంచి తీశాను. తడి తప్ప ఇంకేమీ లేదు. దేశమ్మ దాన్ని ముక్కుకి ఆనించుకుంది. పక్కావిడకి ఇచ్చింది. అలా చేతులు మారుతూ, నిన్న గడ్డానికి తెట్టు తగిలిన ముసలావిడ దగ్గరికి వచ్చింది. ఆవిడ ఆ తడిగుడ్డతో మొహం తుడుచుకుని, కళ్లు తుడుచుకుని, ఇది చాలు అంది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి మిగతాదీ చెప్పాను. ఇదేమీ అమృతం కాదు, ఇదీ పొగ వదిలేదే. పొట్టలోంచి తీసిన నల్లనూనెను ఇసుకలో పారబోస్తే పాతదే నయం అనిపిస్తుంది. దేశమ్మ వెంటనే ఒక ఖాళీ డబ్బా తెచ్చి పందిరి గుంజకి కట్టేసింది. పాత నూనె ఎవరిదైనా ఇందులోనే అంది.

కుప్పం పెద్ద తీర్పు చిన్నది. నూనె కలిపే ఇంజన్లన్నీ కాలువ మొదట్లో ఆపి, కాలు పైకెత్తి, గెడతోనే పోవాలి. ఫోర్ స్ట్రోక్ అయితే మెల్లగా పోవచ్చు. ఇంక కొనేవాళ్లు అదే కొనాలి. రేపటి నుంచే.

శనివారం

తెల్లవారగానే గట్టు మీదికి వెళ్లి నిలబడ్డాను. పడవలు ఒక్కొక్కటే వచ్చాయి. కాలువ దగ్గరికి రాగానే ఇంజన్ ఆగిపోతోంది, గెడ దిగుతోంది. గొణిగినవాళ్లు గొణిగారు, కానీ ఒక్కడూ తప్పలేదు. రాత్రి పోటుకి పాత తెట్టు కొట్టుకుపోయి నీళ్లు మామూలు రంగులో ఉన్నాయి. బావగారు పంచె ఎగ్గట్టి ఒక పడవెక్కి, తనూ గెడ పట్టుకుంటానని మారాం చేసి, రెండో తోపుకే నీళ్లలో పడ్డారు. అందరూ నవ్వారు, అందరికంటే ఎక్కువ ఆయనే నవ్వారు. పైకి లాగుతుంటే నా చెవిలో, "అమ్మాయికి ఆయిల్ సంగతి చెప్పొద్దు బావా" అన్నారు. చెప్పనన్నాను. ఇప్పుడు రాశాను, అది వేరు.

బావగారు తుండు తీసుకోబోతే నేను ఇవ్వలేదు. రెండు కొసల్లో రెండు మరకలు, మధ్యలో తెలుపు. మా షెడ్డు గోడకి కొట్టాను. ఏ ఇంజన్ కొనాలో అడగడానికి వచ్చినవాళ్లతో ఇప్పుడు నేను అరవడం లేదు, దాన్ని చూపిస్తున్నాను.

బయల్దేరేముందు దేశమ్మకి చెప్పి వద్దామని కాలువ దగ్గరికి వెళ్లాను. ఆవిడ బుట్ట పళ్లతో పట్టుకుని లోతులో ఉంది. నన్ను చూసి చెయ్యెత్తి, ఉండమని సైగ చేసి తల ముంచింది. చాలాసేపు పైకి రాలేదు. నాకు కంగారు పుట్టింది. చివరికి లేచింది. పిడికిట్లో పెద్ద రొయ్య మీసాలు ఆడిస్తోంది. బుట్ట నోట్లోంచి తీసి, మొహం మీద నీళ్లు కారుతుండగా అక్కడి నుంచే చెప్పింది.

"కండ్లు తెరిచే మునిగినానన్నా."